ఒక ప్రేగు – రెండు వ్యాధులు
(గ్రామ ఆరోగ్య సభలో చేసిన ప్రసంగ పాఠము)



పైరునకు చీడ పట్టినదని తెలిసినచో మీరు దానిని దాచరు. ప్రక్కచేను రైతును పిలిచి ఆకు త్రిప్పి చూపుదురు. అవసరమైనచో ఆ మొక్కనే పెరికి వ్యవసాయాధికారి వద్దకు తీసికొనిపోవుదురు. కాని తనకు మలముతో రక్తము పడుచున్నదని తెలిసినవాడు ఆ మాటను కట్టుకొన్న ఇల్లాలికైనను చెప్పడు. నెలలు గడచును, ఒక్కొక్కప్పుడు ఏండ్లు గడచును. ముఖము పాలిపోయి, నాలుగడుగులు వేసిన ఆయాసము వచ్చు స్థితికి చేరిన పిమ్మట గాని ఆసుపత్రి గడప త్రొక్కడు. వైద్యవృత్తిలో నున్న మేము ఈ సంగతిని పలుమారులు చూచితిమి. కావున నేడు సిగ్గును కొంచెము ప్రక్కకు నెట్టి, ప్రేగులను గూర్చియే మీతో మాటలాడవలెనని వచ్చితిమి.

మేము చెప్పబోవునది రెండు వ్యాధులను గూర్చి. ఒకటి ప్రేగులో వాపును పుండ్లను కలిగించు దీర్ఘవ్యాధి. రెండవది వంశపారంపర్యముగా వచ్చు పిలకల వ్యాధి. ఈ రెండును ఒకే మనిషిలో కలసివచ్చుట మిక్కిలి అరుదు. అంత అరుదైన దానిని ఇంతమంది ముందు చెప్పనేల యని మీరడుగవచ్చును. కలయిక అరుదైనదే గాని, అది నేర్పు పాఠము ప్రతి ఇంటికిని పనికివచ్చునది. వ్యాధికి ఒక పేరు దొరికినంత మాత్రమున విచారణ ముగిసినట్లు కాదు. ఆ విచారణలో సగము వైద్యుని చేతిలో నున్నది. మిగిలిన సగము మీ నోటిలో నున్నది.

మానని పుండు

మన పెద్దప్రేగు సుమారు 5 అడుగుల పొడవుండును. చిన్నప్రేగులో ఆహారసారము ఇంకిపోగా మిగిలిన దానినుండి నీటిని పీల్చి, మలమును గట్టిపరచుట దాని పని. బయటినుండి వచ్చు సూక్ష్మక్రిములతో పోరాడుటకు మన శరీరములో రక్షణశక్తి ఒకటి కలదు. కొందరిలో ఆ కావలివాడే దారి తప్పి, ఇంటివారి మీదనే కర్ర ఎత్తినట్లు, ప్రేగు లోపలి పొరపై దాడి సల్పును. పొర వాచును, పుండ్లు పడును, రక్తము, జిగట, చీము పడును. దినమునకు పలుమారులు విరేచనములగును. రాత్రి నిదురలో కూడ లేవవలసి వచ్చును.

ఇందు ముఖ్యముగా రెండు రకములు కలవు. గుదము వద్ద ఆరంభమై పెద్దప్రేగు వెంబడి పైకి ప్రాకుచు, లోపలి పొరకే పరిమితమైనది అల్సరేటివ్ కొలైటిస్. నోటినుండి గుదమువరకు ఎచ్చటనైనను తలయెత్తి, ప్రేగు గోడ మందమంతయు పట్టగలది క్రోన్స్ వ్యాధి. మొదటి దానిని 1859లో లండనులో సామ్యూల్ విల్క్స్ అను వైద్యుడు వర్ణించెను. రెండవ దానిని 1932లో న్యూయార్కులో బరిల్ క్రోన్, లియాన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఒపెన్‌హైమర్ అను మువ్వురు వైద్యులు వర్ణించిరి.

ఇవి పాశ్చాత్య దేశముల వ్యాధులని చిరకాలము తలచుచుండిరి. నేడు మన దేశమునను ఇవి హెచ్చుచున్నవి. తరచుగా 15 మొదలు 35 ఏండ్ల వయస్సులో, అనగా చదువుకొను పిల్లలలోను, కష్టించి సంపాదించు యువకులలోను బయటపడును. ఇవి అంటువ్యాధులు కావు. ఎవరి పాపఫలమును కాదు. మందులతో అణగియుండును, మరల రేగును. మెసలమీన్, సల్ఫాసలజీన్ వంటి మందులు చాలమందికి మేలు చేయును. వ్యాధి తీవ్రముగా రేగినప్పుడు స్టీరాయిడ్ మందులిత్తురు. వాటిని వైద్యుడు చెప్పినట్లే క్రమక్రమముగా తగ్గించవలెను గాని, బాగున్నదని ఒక్కసారిగా మానరాదు.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసి యున్నది. మన ప్రాంతములలో అమీబా వలన కలుగు జిగట విరేచనములు చూచుటకు అల్సరేటివ్ కొలైటిస్ వలెనే యుండవచ్చును. ప్రేగులకు పట్టిన క్షయ క్రోన్స్ వ్యాధి వలెనే కనబడవచ్చును. ఆ రెండింటిలోను తెలియక స్టీరాయిడ్ ఇచ్చినచో ప్రాణాపాయము కలుగవచ్చును. కావున వైద్యుడు మలపరీక్ష, రక్తపరీక్ష, ప్రేగులోపలి పరీక్ష చేయించుమన్నప్పుడు ఇన్ని పరీక్షలెందుకని విసుగుకొనరాదు. ఒకదానికొకటి పోలిన వ్యాధులను వేరుచేయుటకే ఆ శ్రమ యంతయు.

కోరని పిలకలు

వరి నాటిన కొన్ని దినములకు దుబ్బునుండి పిలకలు లేచును. ఎన్ని లేచిన రైతునకు అంత సంతోషము. ప్రేగు లోపలి పొరనుండి కూడ కొందరికి పిలకలు లేచును. వీనినే వైద్యులు పాలిప్‌లందురు. ఇవి సంతోషింపదగినవి కావు. అట్లని అన్నియు భయపడదగినవియు కావు. చిన్నబిడ్డకు నొప్పి లేకయే మలముతో రక్తము పడినచో, తరచుగా దానికి కారణము ఒకే ఒక పిలక. దానిని గొట్టము ద్వారా తీసివేసిన సరిపోవును. అట్టిది వంశవ్యాధి కాదు.

వంశమున వచ్చునది వేరు. దానిని ఫెమిలియల్ ఎడినోమేటస్ పాలిపోసిస్ అందురు. పేరు పొడవైనది గనుక మనము కుటుంబ పిలకల వ్యాధి యని చెప్పుకొందము. సుమారు 10,000 జననములలో ఒకరికి ఇది వచ్చును. పుట్టినప్పుడు బిడ్డ అందరివలెనే యుండును. పదునారేండ్ల ప్రాయమునకు అటునిటుగా పెద్దప్రేగులో పిలకలు మొలచుట ఆరంభమగును. అవి ఒకటి రెండు కావు, వందలు, ఒక్కొక్కప్పుడు వేలు. వాటిలో ఏ ఒక్కటిని చూచినను చిన్నదే. కాని అన్నింటిలో ఏదో ఒకటి కాలక్రమమున రాచపుండుగా, అనగా క్యాన్సరుగా మారును. చికిత్స లేనిచో ఈ వ్యాధి గలవారిలో దాదాపు అందరికిని, సగటున 40వ యేటికి కొంచెము అటునిటుగా పెద్దప్రేగు క్యాన్సరు వచ్చును.

దీనికి మూలము ఒక జన్యువులోని లోపము. మన శరీరములోని ప్రతి కణమునందును తల్లి వాటా ఒకటి, తండ్రి వాటా ఒకటిగా జన్యువులు జంటలై యుండును. అయిదవ క్రోమోజోముపై నున్న ఏ.పి.సి. అను జన్యువు ప్రేగుకణముల పెరుగుదలకు పగ్గము వంటిది. ఈ జన్యువును 1991లో గుర్తించిరి. పగ్గము తెగిన ఎద్దులు ఇష్టము వచ్చినట్లు పోవునట్లు, ఆ జన్యువు చెడిన చోట కణములు హద్దు మీరి పెరుగును.

తల్లికి గాని తండ్రికి గాని ఈ లోపమున్నచో, పుట్టు ప్రతి బిడ్డకును అది వచ్చుటకు సగము పాలు అవకాశము కలదు. కొడుకనియు కూతురనియు భేదము లేదు. మొదటి బిడ్డకు వచ్చినది గనుక రెండవ బిడ్డకు రాదనుకొనరాదు. ప్రతి కాన్పునకును నాణెము క్రొత్తగా ఎగురవేసినట్లే. లోపమును పొందని బిడ్డ దానిని తన సంతానమునకు ఇయ్యడు; అచ్చటితో ఆ గొలుసు తెగును. ఇంకొక మాట. ఈ వ్యాధి గలవారిలో నూటికి 20 మొదలు 30 మందికి తల్లిదండ్రులలో ఎవరికిని అది యుండదు. లోపము వారితోనే క్రొత్తగా ఆరంభమగును. కావున మా వంశములో లేదని ధీమాగా ఉండుటయు తగదు.

మేనరికములను గూర్చియు ఒక మాట చెప్పవలెను. పైన చెప్పిన వ్యాధికి మేనరికముతో పనిలేదు. ఒక్కరిలో లోపమున్న చాలును. కాని పిలకల వ్యాధులలో వేరొక రకము కలదు. 2002లో గుర్తింపబడిన ఆ రకము ఎమ్.యు.టి.వై.హెచ్. అను జన్యువునకు సంబంధించినది. ఇందు తల్లిదండ్రులిరువురును లోపమును మోయుచు తాము మాత్రము సాధారణముగా పిలకలు లేకయే యుందురు. ఇరువురి వాటాయు చేరిన బిడ్డకు వ్యాధి వచ్చును. ప్రతి బిడ్డకును ఆ అవకాశము నాల్గింట ఒక వంతు. దగ్గరి రక్తసంబంధములో పెండ్లి చేసికొన్నప్పుడు ఒకే లోపము ఇరువురిలోను ఉండుటకు అవకాశము హెచ్చు. అక్క కూతురిని చేసికొనుట మన ఇండ్లలో ఉన్నది గనుక ఈ సంగతి మనము తెలిసికొనదగినది.

పెదవులపై, నోటిలోపల చిన్ననాటినుండి నల్లని చుక్కలుండి, తరచు కడుపునొప్పి వచ్చుచున్నచో దానిని గూడ నిర్లక్ష్యము చేయరాదు. పాయిట్జ్ అను డచ్చి వైద్యుడు 1921లోను, జెగర్స్ అను అమెరికా వైద్యుడు 1949లోను వర్ణించిన మరియొక వంశానుగత పిలకల వ్యాధికి ఆ చుక్కలు గుర్తు కావచ్చును. చుక్కలున్న వారందరికిని ఆ వ్యాధి యున్నదని అర్థము కాదు. వైద్యునికి చూపవలెనని మాత్రమే అర్థము.

రెండును ఒకచోట చేరినచో

ఇక అసలు విషయమునకు వత్తము. ఇరువది రెండేండ్ల రైతుబిడ్డ నొకనిని ఊహించుకొందము. ఇది ఏ ఒక్కరి కథయు కాదు; వ్యాధుల స్వభావమును బట్టి మేము కల్పించిన ఉదాహరణము. అతనికి ఆరు నెలలుగా రక్తముతో విరేచనములగుచున్నవి. మొదట మూలశంక యనుకొనెను. బస్సు స్టాండు గోడపై మూడు దినములలో నయము చేతుమని వ్రాసియున్న ప్రకటన చూచి, అచ్చటికి పోయి డబ్బు పోగొట్టుకొనెను. పిమ్మట ఊరిలో ఎవరో జిగట విరేచనముల మాత్రలిచ్చిరి. తగ్గలేదు. తుదకు పెద్దాసుపత్రికి పోగా, కొలనోస్కోపీ చేసి అల్సరేటివ్ కొలైటిస్ అని తేల్చిరి. మందులు వాడగా రక్తము ఆగెను. ఇంటిల్లిపాదియు సంతోషించిరి.

ఇచ్చటనే చిక్కు ఉన్నది. ఆ పరీక్షలో వైద్యుడు పుండ్లతోపాటు పిలకలవంటి వాటిని గూడ చూచెను. కొలైటిస్ రోగులలో అట్టివి కనబడుట వింత కాదు. పుండ్లు పడి పొర తినివేయబడినప్పుడు నడుమ మిగిలిన పొర గడ్డలుగడ్డలుగా నిలచి పిలకలవలె కనబడును. వాన కోసివేసిన గట్టుపై అక్కడక్కడ మట్టిముద్దలు నిలచినట్లు. వీనిని దొంగ పిలకలనవచ్చును. ఇవి రాచపుండుగా మారునవి కావు. కావున వ్యాధి పేరు ముందే తెలిసియున్నప్పుడు, కనబడిన పిలకలన్నియు దొంగ పిలకలే యనుకొనుట మిక్కిలి సులభము. ప్రేగు ఎఱ్ఱగా వాచియున్నప్పుడు తీసిన ముక్కను సూక్ష్మదర్శినిలో చూచినను, వాపు వలన మారిన కణమేదో, చెడుదారి పట్టిన కణమేదో తేల్చుట కష్టము.

ఆ యువకుని తండ్రి నలుబది యొకటవ యేట ‘కడుపు జబ్బు’తో పోయెను. మేనత్తయు అట్లే పోయెను. ఆ సంగతి వైద్యునికి ఎవరును చెప్పలేదు. అడిగినప్పుడు గూడ, ‘మా ఇంట్లో ఎవరికీ ఏమీ లేదండీ’ అని తల్లి చెప్పెను. ఆమె దుష్టురాలు కాదు. ఇంటిలో పెండ్లికెదిగిన కూతురున్నది. మాట బయటికి పొక్కిన సంబంధములు రావని ఆమె భయము.

ఆ ఒక్క మాట చెప్పియుండినచో విచారణ వేరుదారి పట్టియుండును. వాపు అణగిన పిమ్మట మరల లోపలి పరీక్ష చేసి, పిలకలను లెక్కించి, పుండ్లనుండియే గాక పిలకలనుండియు ముక్కలు తీసి వేరువేరుగా పరీక్షకు పంపియుందురు. అవి నిజమైన పిలకలని తేలినచో రక్తముతో జన్యుపరీక్ష చేయింతురు. అప్పుడు ఆ ప్రేగులో ఒకటి కాదు, రెండు వ్యాధులున్నవని తెలియును. వైద్యపత్రికలలో ఇట్టి కలయికలు అక్కడక్కడ ప్రకటింపబడినవి. ఒకదానికొకటి కారణమని తేలలేదు. వేరువేరు కారణములు గల రెండు వ్యాధులు ఒకే ఇంట అద్దెకు దిగినట్లు భావింపవచ్చును.

ఒక వ్యాధికి మందు, ఒక వ్యాధికి కీడు

రెండు పేర్లును తెలియుట ఎందుకు ముఖ్యమనగా, ఒకదానికి మేలు చేయునది రెండవదానికి కీడు చేయవచ్చును. సులిండాక్ అనునది కీళ్లనొప్పులకు వాడు మందుల జాతికి చెందినది. కుటుంబ పిలకల వ్యాధిలో అది పిలకల సంఖ్యను, పరిమాణమును తగ్గించునని 1980ల నుండియు తెలియును. శస్త్రచికిత్సకు మాత్రము అది బదులు కాదు. అయితే ఆ జాతి నొప్పిమాత్రలే కొలైటిస్, క్రోన్స్ గలవారిలో అణగియున్న వ్యాధిని రేపవచ్చును. కావున ప్రేగుల వాపువ్యాధి గలవారు మోకాళ్లనొప్పికో నడుమునొప్పికో దుకాణములో అడిగి మాత్రలు కొని మ్రింగరాదు. తమకున్న వ్యాధిని వైద్యునికి చెప్పియే వాడవలెను.

శస్త్రచికిత్స విషయమునను ఇట్లే. కుటుంబ పిలకల వ్యాధిలో వేలకొలది పిలకలను ఒక్కొక్కటిగా తీయుట అసాధ్యము. కావున సాధారణముగా కౌమారము ముగియు వేళకో, ఇరువదులలోనో పెద్దప్రేగును తీసివేయుదురు. గుదమునకు పైనున్న భాగములో పిలకలు కొద్దిగానే యున్నచో కొందరికి ఆ భాగమును ఉంచి, చిన్నప్రేగును దానికి కలుపుదురు. కాని ఆ భాగము కొలైటిస్‌తో పుండ్లు పడియున్నచో దానిని ఉంచుట మంచిది కాదు. అప్పుడు దానిని గూడ తీసి, చిన్నప్రేగు చివరను సంచివలె మడచి కుట్టి గుదమునకు కలుపుదురు. ఈ పద్ధతిని లండనులోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రి వైద్యులు అలన్ పార్క్స్, జాన్ నికల్స్ 1978లో ప్రకటించిరి. మందులకు లొంగని అల్సరేటివ్ కొలైటిస్‌కును, కుటుంబ పిలకల వ్యాధికిని నేడు ఈ ఒకే శస్త్రచికిత్స జరుగుచున్నది.

పని ఒకటే యైనను ఫలము ఒకటి కాదు. కొలైటిస్ వలన ఆపరేషను జరిగిన వారిలో సగముమంది వరకు ఆ క్రొత్త సంచిలో ఎప్పుడో ఒకప్పుడు వాపు వచ్చును. పిలకల వ్యాధి మాత్రమే గలవారిలో అది చాల తక్కువ. మరియొక ప్రక్క, పిలకల వ్యాధి గలవారికి పెద్దప్రేగు పోయిన పిమ్మట గూడ చిన్నప్రేగు మొదటి భాగములోను, క్రొత్త సంచిలోను పిలకలు రావచ్చును. కావున రెండును గలవాడు రెండు విధములుగను జాగ్రత్త పడవలెను. ఆపరేషను అయినది, ఇక ఆసుపత్రితో పనిలేదనుకొనరాదు. క్రోన్స్ వ్యాధి యున్నచో ఇట్టి సంచి సాధారణముగా తగదు. పిల్లలను కనవలసిన వయస్సు గల స్త్రీలు ఆపరేషనుకు ముందే ఆ విషయమును శస్త్రవైద్యునితో మాటలాడవలెను. కొందరికి కొన్ని నెలలు కడుపుపై సంచి తగిలించుకొనవలసి వచ్చును. దానితో పొలము పనికి పోవువారును, బడిలో పాఠము చెప్పువారును కలరు. అది సిగ్గుపడవలసినది కాదు.

ఒక దస్త్రము నిలిపిన ప్రాణములు

సెయింట్ మార్క్స్ ఆసుపత్రి పేరు చెప్పితిమి గనుక ఆ ఆసుపత్రిలోనే జరిగిన మరియొక పనిని గూడ చెప్పెదము. 1924లో అచ్చట పిలకల వ్యాధి గల కుటుంబముల వివరములు వ్రాసిపెట్టుటకు ఒక దస్త్రమును ఆరంభించిరి. శస్త్రవైద్యుడు లాక్‌హార్ట్ మమ్మరీ, రోగనిదాన శాస్త్రజ్ఞుడు కుత్‌బర్ట్ డ్యూక్స్ ఇందుకు పూనుకొనిరి. వారి వెనుక బస్సీ అను ఉద్యోగి దశాబ్దముల తరబడి ఆ దస్త్రమును ఓపికతో సాగించెను. అప్పటికి జన్యుపరీక్ష లేదు. వారు చేసినది ఒక్కటే: రోగిని అడుగుట, వ్రాయుట, అతని అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రను, బిడ్డలను పిలిపించి చూచుట. రోగము ముదిరి ఆసుపత్రికి వచ్చినవాడు చాలవరకు క్యాన్సరుతో వచ్చును. దస్త్రమును బట్టి ముందే పిలువబడిన తమ్ముడు చాలవరకు పిలకలతోనే వచ్చును. ఆ భేదమే ప్రాణము.

సోదరులారా! అట్టి దస్త్రము వ్రాయుట మనకు క్రొత్త విద్య కాదు. సంబంధము కుదుర్చుకొనునప్పుడు ఇంటిపేరు, గోత్రము, మేనమామల ఊరు విచారింతుము. తర్పణము విడుచునప్పుడు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు మూడు తరములు తలచుకొందుము. వారు ఎంత భూమి విడిచిపోయిరో చెప్పగలము. ఏ వయస్సున ఏ జబ్బుతో పోయిరో మాత్రము చెప్పలేము. ఒక నోటుపుస్తకములో ఆ మూడు తరములును వ్రాయుడు. తండ్రి వైపువారును, తల్లి వైపువారును, స్త్రీలును పురుషులును అందరును అందుండవలెను. మలముతో రక్తము పడినవారు, ప్రేగు ఆపరేషను అయినవారు, ఏబదేండ్లకు లోపల కడుపు జబ్బుతో పోయినవారు ఉన్నచో ఆ పేర్లకు ఎదురుగా గుర్తు పెట్టుడు. ఆసుపత్రికి పోవునప్పుడు పాత చీటీలతోపాటు ఆ పుస్తకమును గూడ తీసికొనిపోవుడు.

దాచినచో సంబంధము కుదురవచ్చును. కాని దాచినంత మాత్రమున ఆ జన్యువు ఆగదు. పెండ్లికూతురితోపాటు అదియు అత్తవారింటికి పోవును. ఆ తల్లి భయపడినది కూతురి పెండ్లి నిమిత్తము. కాని ఆ కూతురికి గూడ లోపము వచ్చియుండుటకు సగము పాలు అవకాశము కలదు గదా! పరీక్ష చేయించినచో రెండే ఫలములు. లేదని తేలినచో ఆ పిల్లకు జీవితాంతము ఆ భయము తీరును. ఉన్నదని తేలినచో ప్రాణము దక్కు మార్గము దొరకును. దాచినచో మాత్రము మొదటి మేలును లేదు, రెండవ మేలును లేదు.

మీరు చేయవలసినవి

మలముతో రక్తము రెండు మూడు వారములకు మించి పడుచున్నను, కారణము లేక బరువు తగ్గుచున్నను, రక్తహీనత యని చెప్పినను, ముందుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో చూపించుకొనుడు. రక్తము ధారగా పడినను, కన్నులు తిరిగి పడిపోయినను, కడుపు ఉబ్బి తీవ్రమైన నొప్పితో జ్వరము వచ్చినను, ఒక్క గంటయు జాగు చేయక పెద్దాసుపత్రికి పోవలెను. మూలశంక యున్నవారికి వేరొక వ్యాధి రాదను నియమమేమియు లేదు. కావున మూలశంక అనుమాటతో తృప్తిపడక, లోపలి పరీక్ష అవసరమా యని వైద్యుని అడుగుడు.

కొలనోస్కోపీ యనిన భయము వలదు. ముందునాడు ద్రవము త్రాగించి ప్రేగును శుభ్రపరతురు. మత్తుగా ఉండుటకు మందిచ్చి, దీపము గల సన్నని గొట్టముతో లోపల చూతురు. ఆనాడే ఇంటికి పోవచ్చును, తోడు ఒకరుండవలెను.

పెద్దప్రేగు కొలైటిస్ గలవారు, వ్యాధి ఆరంభమై సుమారు 8 సంవత్సరములు నిండిన పిమ్మట, బాగుగా నున్నను వైద్యుడు చెప్పిన వ్యవధిలో లోపలి పరీక్ష చేయించుకొనవలెను. చాలకాలమున్న వాపు వలన కూడ క్యాన్సరు రావచ్చును. కుటుంబ పిలకల వ్యాధి గలవారి బిడ్డలకు 10, 12 ఏండ్లు వచ్చుసరికి పరీక్షలు ఆరంభించవలెను. జన్యుపరీక్షలో ఆ కుటుంబపు లోపము బిడ్డకు లేదని తేలినచో ఏటేట లోపలి పరీక్షల బాధ తప్పును. చుట్ట, బీడీ, సిగరెట్టు క్రోన్స్ వ్యాధిని ముదిరించును గనుక వాటిని మానుడు. ఖర్చును తలచి వెనుదీయకుడు. ఏ చికిత్స ప్రభుత్వ ఆరోగ్య పథకము క్రిందికి వచ్చునో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలిసికొనుడు. ఊరిలోని ఆశా కార్యకర్తతో మాటలాడిన దారి చూపును.

తుదకు ఒక మాట. వైద్యులమైన మేమును పొరబడుదుము. ఒక పేరు దొరకగానే తృప్తిపడు బలహీనత మాకును కలదు. మమ్ము ప్రశ్నించుడు. ‘ఈ పిలకలు ఏ రకమువి? వీనినుండి ముక్క తీసి చూచితిరా? మా నాయనకు గూడ ఇట్లే ఉండెను, దానికి దీనికి సంబంధమున్నదా?’ అని అడుగుడు. అట్లడుగుట అమర్యాద కాదు. ఆకు పైభాగమున కనబడిన మచ్చతో తృప్తిపడక, ఆకు త్రిప్పి అడుగున చూచు రైతు కన్ను మీకున్నది. ఆ కన్నును మీ ఇంటివారి ఆరోగ్యము మీద కూడ పెట్టుడని మా ప్రార్థన.